మైదాకు పూల దిండు

దిండును ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే చూసినవాళ్లు నవ్వుతారని యాకమ్మకు తెలియక కాదు. పైన సామాన్ల అరలో ఎవరిదో ఎండు మిరపకాయల మూట ఉంది, మిరప ఘాటు సోకితే పూల గుణం పోతుందని కట్టమ్మ పెద్దమ్మ పాలకుర్తిలో బస్సు దాకా వెంట వచ్చి మరీ చెప్పింది. అందుకని చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. కండక్టరు టికెట్టు కొడుతూ, "దీనికి హాఫ్ టికెట్ కొట్టాల్నా అమ్మా?" అన్నాడు. వెనక సీట్ల వాళ్లు కిసుక్కుమన్నారు. నవ్వితే నవ్వనీ, వాళ్ల ఇళ్లల్లో అందరూ కడుపునిండా తిని కంటినిండా పడుకుంటున్నారు కాబట్టి నవ్వుతున్నారు, పక్కింట్లో ఒక మనిషి రెండు నెలల నుంచి గోడకు ఒరిగి కళ్లు తెరుచుకుని కూర్చుంటే నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో అదీ చూద్దాం, అనుకుంది. దిండంటే పెద్ద దిండేం కాదు, అమ్మ పాత నీలం చీర చింపి కుట్టిన మూరెడు సంచి. లోపల దూది లేదు, అన్నీ ఎండిన మైదాకు పూలే. రేడియోలో గోరింటాకు అంటారు గానీ యాకమ్మకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అది మైదాకే. తల్లిగారి చేను చుట్టూ కంచె అంతా ఆ చెట్లే. ఆకు కోసం ఆడపిల్లలు ఎగబడతారు, పూల ముఖం ఎవరూ చూడరు, నూకల్లాంటి పూలు గుత్తులు గుత్తులుగా పూసి రాలిపోతాయి. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పెద్దమ్మ అది ఒప్పుకోదు. "ఆకు చేతికి, పువ్వు తలకు బిడ్డా. నీడకు ఎండబెట్టి తలకింద పెట్టు. ఎసొంటి గుండె బరువైనా దిగుతది, కన్ను అంటుకుంటది," అంది, అని ఊరుకోలేదు, ముసలి నడుముతో అమ్మను వెంటేసుకుని కంచె అంతా తిరిగి కోసింది, గాలికి ఎగిరిపోకుండా చీర కప్పి ఎండేదాకా కాపలా కాసింది.

బస్సు మట్టిరోడ్డు మీద ఎగిరి పడ్డప్పుడల్లా దిండులో పూలు గలగలమంటున్నాయి, వాసన గుప్పున లేస్తోంది. కుట్టు మాత్రం బాగా రాలేదు, ఒక మూల ఉబ్బింది, ఒక మూల పీక్కుపోయింది, దారం పోగులు బయటికే ఉన్నాయి. ఇది చూస్తే ఖాజన్న ఏమనేవాడో. దూదేకుల వాళ్లింటికి దిండు కుట్టుకుపోవడమంటే తాతకు దగ్గులు నేర్పడమే కదా. ఖాజా పాషా దూదేకే విల్లు భుజాన వేసుకుని ఖిలా వరంగల్ నుంచి బయలుదేరితే స్టేషన్ దాకా వాడవాడా ఆ నారి మోత వినబడేది, టుంయ్ టుంయ్ మంటూ, పిల్లలు ఆ మోతను వెక్కిరిస్తూ వెంటపడేవారు. వరంగల్లో సగం మంది తలలు ఆయన కొట్టిన దూది మీదే పడుకుంటాయి అని ఆయన పెళ్లాం అనీసు గొప్పగా చెప్పుకునేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద, మీసాల మీద దూది, పండగ పూట ముసలి వేషం కట్టినట్టు. గోడకు ఇటు యాకమ్మ, అటు అనీసు, రెండు ఇళ్లకూ ఒకటే మట్టిగోడ, ఆ గోడ మీది నుంచి ఎన్ని గిన్నెలు దాటాయో లెక్క లేదు, ఇటు నుంచి పుంటికూర పప్పు, అటు నుంచి సేమ్యా. చివరి రోజున కూడా ఖాజన్న గోడ మీది నుంచి తల పెట్టి, "యాకమ్మక్కా, పప్పు జబర్దస్త్ ఉంది," అన్నాడు. అని పోయి పడుకున్నాడు. తెల్లవారి లేవలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, నిద్రలోనే పోయాడు, పక్కనే పడుకున్న పెళ్లానికి కూడా తెలియకుండా. అంత మెత్తని చావు అందరికీ రాదన్నారు చూడవచ్చినవాళ్లు. అంటారు, వాళ్లదేం పోయింది, మెత్తగా పోయినవాడు పోయాడు, మిగిలినదానికి అదేం మెత్తగా ఉందని.

అప్పటి నుంచి అనీసుకు నిద్ర లేదు. మొదట్లో ఏడుపు వల్ల అనుకున్నారు, కానీ ఆమె ఏడవనూ లేదు. గోడకు తగిలించిన ఆ విల్లు కింద కూర్చుంటుంది, పిలిస్తే పలుకుతుంది, పెడితే రెండు ముద్దలు తింటుంది, కళ్ల కింద మాత్రం నల్లగా గుంటలు. యాకమ్మ చేయని వైద్యం లేదు. గసగసాలు నూరి పాలల్లో కాచి ఇచ్చింది. పెన్నేరు గడ్డ పొడి తెచ్చి నెయ్యిలో కలిపి పెట్టింది. సరస్వతాకు రసం తీసింది. ఆవునెయ్యి రాసి కంచు గిన్నెతో అరికాళ్లు నల్లబడే దాకా రుద్దింది. మండిబజార్ హకీం దగ్గరికి పోయి గులాబీ రేకుల గుల్కంద్ తెచ్చింది. ప్రతిదానికీ అనీసు "మంచిగుందక్కా" అంటుంది, అని కళ్లు తెరుచుకునే ఉంటుంది. గుల్కంద్ అయితే అనీసు ముట్టుకోలేదు, యాకమ్మ పెనిమిటి పోశయ్య రొట్టెకు అద్దుకుని సీసా ఖాళీ చేసి గురక పెట్టాడు, ఆయనకు గుల్కంద్ ఎందుకు, ధాన్యం మార్కెట్లో బస్తాలు మోసి వచ్చే మనిషి, గోనెసంచి చూపిస్తే చాలు నిలబడి నిద్రపోతాడు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నది ఆయన్ని చూసే పుట్టి ఉంటుంది. డాక్టరిచ్చిన గోలీలు అనీసు చాప కింద దాచిపెడుతోంది, ఊడుస్తుంటే దొరికాయి. ఇక ఇప్పుడు అనీసు తమ్ముడు అబ్బాస్ కబురు పంపాడు, వచ్చే జుమ్మా దాకా చూసి హైదరాబాద్ తీసుకుపోయి పెద్ద దవాఖానలో చేరుస్తాడట, అక్కడ తలకు కరెంటు పెడతారట. ఆ మాట వినగానే యాకమ్మ మార్కెట్ నుంచి వచ్చిన పోశయ్యకు అన్నం పెట్టి, పొద్దున్నే తల్లిగారింటికి బస్సెక్కింది. తలకు కరెంటు! దూది లాంటి తల అనీసుది, ఒక్క మాట గట్టిగా అంటేనే తట్టుకోదు.

జఫర్‌గఢ్‌లో బస్సు ఆగితే బురఖా ముసుగు వెనక్కి తోసుకుంటూ ఒక పెద్దావిడ ఎక్కి యాకమ్మ పక్కన సర్దుకుని కూర్చుంది. కూర్చోగానే ముక్కెగరేసి వాసన పీల్చింది, ముఖమంతా నవ్వైంది.

"ఎవరి పెండ్లికి పోతానవ్ బిడ్డా? బస్సంత మైదాకు వాసనొస్తాంది."

"పెండ్లి గాదమ్మా, మందు. మా పక్కింటి అనీసుకు నిద్రపడ్తలేదు. పెనిమిటి పోయి రెండు నెలలైతాంది."

పెద్దావిడ దిండు మీద చెయ్యి వేసి మెత్తగా నొక్కి చూస్తోంది, ఆ చెయ్యి అక్కడే ఆగింది.

"ఇద్దత్ల ఉన్న మనిషికా?"

"అవునమ్మా. బయటికి రావద్దని నాకు ఎరికే. నీళ్లు, కూరగాయలు అన్ని నేనే తెచ్చిస్తాన."

"బయటికి రాకపోవుడే గాదు బిడ్డా. నాలుగు నెలల పది రోజులు వాసన ముట్టద్దు. అత్తరు వద్దు, సుర్మా వద్దు, వాసన సబ్బు గూడ వద్దు. మైదాకైతే అసలే వద్దు, అది పెండ్లిపిల్లది గద. నేను గా దినాలల్ల మా కోడలు తలనూనె బుడ్డి గూడ దూరం పెట్టిచ్చిన." చెబుతూ చెబుతూ యాకమ్మ ముఖం చూసి గొంతు తగ్గించింది. "నీ మనసు మంచిది, అల్లా చూస్తాండు. ఫికర్ చెయ్యకు. ఆమెకియ్యకు, గంతే." పేరు జుబేదా అని, వర్ధన్నపేటలో కూతురిల్లని, ఏదో చెప్పింది, యాకమ్మ చెవికెక్కలేదు. దిగేటప్పుడు ఆవిడ చెయ్యి తల మీద పడింది, అప్పుడు కూడా యాకమ్మ దిండు వైపే చూస్తోంది.

ముఖం కందిపోయింది. వితంతువు మైదాకు పెట్టుకోదని తనకు తెలియదా, తమలో మాత్రం పెట్టుకుంటారా, కానీ పువ్వు మందు కదా, మందుకు మైల ఏమిటి అనుకుంది, ఆకుకే కట్టడి గానీ వాసనకు కూడా ఉంటుందని ఎవరనుకుంటారు. ఎన్నేళ్ల నుంచి ఒకే గోడ, ఒకే గిన్నెలు, ఇంత మాట తెలియదే తనకు! అయితే ఆ చందనం సబ్బు? పోశయ్యను పోరి తెప్పించి ఇస్తే అనీసు కాగితం కూడా విప్పకుండా గూట్లో పెట్టింది. వట్టివేరు వేసి కాచిన నూనె తెచ్చి తల అంటుతానంటే తల వెనక్కి తీసుకుంది. కళ్లకు సుర్మా లేకుండా ఆమెను ఎన్నడూ చూడలేదు, అది మానేసింది. అవన్నీ చూసి తనేం చేసింది, వాడకట్టు అంతా చెప్పుకొచ్చింది, అనీసుకు సబ్బు మీద కూడా మనసు పోతలేదు, మతి తప్పుతాంది అని, నీళ్ల పంపు దగ్గర నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పింది. ఆ పిల్ల తన ధర్మం తాను పాటించుకుంటూ ఉంటే దానికి పిచ్చి అని పేరు పెట్టింది. ఒక్క మాట చెప్పొచ్చు కదా అనీసూ, అక్కా, ఇది మాకు పనికిరాదు అని! చెప్పదు. చెబితే అక్క నొచ్చుకుంటుందని "మంచిగుందక్కా" అంటుంది. మంచిగుందంట, మంచి.

మామునూరు దగ్గర గాలి జోరుగా కొట్టింది. కిటికీలోంచి విసిరేస్తే పోతుంది పీడ, అనుకుని దిండును రెండు చేతులా ఎత్తింది కూడా. వెనక సీటు వాళ్లు చూస్తున్నారు. పెద్దమ్మ నడుం గుర్తుకొచ్చింది, ముళ్లు గీరుకున్న అమ్మ మోచేతులు గుర్తుకొచ్చాయి. మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. అసలు పెద్దమ్మ మాట అంత తొందరగా ఎందుకు నమ్మింది తను? నమ్మడానికి కారణముంది, ఆ కారణం మీదికి మనసును పోనివ్వదు, ఎన్నేళ్ల నుంచో పోనివ్వదు, ఇవ్వాళ వాసన దాన్ని లాక్కుపోతోంది. తనకూ ఒక పిల్ల పుట్టింది. పాలు తాగి పక్క మీద పడుకోబెడితే కాళ్లాడించేది, పేరు కూడా సరిగ్గా పెట్టలేదు, చిలుకమ్మ అని పిలిచేవాళ్లు, విరేచనాలు పట్టుకుని మూడు పూటల్లో పోయింది. ఆ తర్వాత తనకూ నిద్ర లేదు. కళ్లు మూస్తే పాలు చేపుకొచ్చేవి, రవిక తడిసేది. అత్త దిష్టి తీసింది, పోశయ్య దర్గాకు తీసుకుపోయాడు, ఏ దర్గా మొక్కుతో తాను పుట్టి ఆ దర్గా పేరే పెట్టుకుని యాకమ్మ అయిందో అక్కడికే. ఏదీ కుదరలేదు. అప్పుడే పక్కింట్లోకి ఖాజన్న కొత్త పెళ్లాం వచ్చింది, సన్నగా, పిట్టలాగా. చేతులకు మైదాకు ఇంకా ఎర్రగా ఉంది. పెళ్లి చేతులతో చావింటికి రాకూడదని వాళ్ల అత్త కేకలేస్తున్నా గోడ పక్క నుంచి వచ్చి కూర్చుని తన తల లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతుల వాసన. ఆ వాసనలో తను పడుకుంది, పొద్దు గుంకే దాకా పడుకుందట. ఆ పిల్ల ఏదో చెప్పింది అప్పుడు, చెవి దగ్గర, ఏం చెప్పిందో గుర్తు రావడం లేదు, వాసన గుర్తుంది గానీ మాట గుర్తు రాదు. మైదాకే కదా ఆ రోజు కన్ను మూయించింది, మరి ఇవ్వాళ అదే మైదాకు ఎందుకు పనికిరాకుండా పోయింది.

కోట దారిలో దిగింది. ఎండ ఇంకా తగ్గలేదు, రాతి తోరణం నీడలో మేకలు పడుకుని ఉన్నాయి, మేకలకు కూడా నిద్రే. దిండును కొంగు కింద దాచుకుని దొంగలాగా అనీసు గడప ముందు నుంచి పోయి, తన ఇంటి అరుగు మీది మంచంలో పడేసి, చేతులు బూడిదతో రుద్ది కడుక్కుంది. వాసన చూసుకుంది. మళ్లీ కడుక్కుంది. ఒట్టి చేతులతో పక్కింటికి పోవడం ఈ రెండు నెలల్లో ఇదే మొదలు. ఏం ముఖం పెట్టుకుని పోవాలి? అబ్బాస్ వచ్చే రోజు దగ్గర పడుతోంది, తన చేతిలో ఇంకే మందూ లేదు.

అనీసు విల్లు కిందే కూర్చుని ఉంది. తెల్ల చీర, బోసి చేతులు. తలెత్తి చూసింది.

"అచ్చినవా అక్కా. ఏం తెచ్చినవ్?"

"ఏం తేలే."

"అబద్ధం. మైదాకు పూల వాసన."

యాకమ్మ తన చీర వైపు చూసుకుంది. చేతులు కడుక్కుంది సరే, ఊరి నుంచి ఇక్కడి దాకా దిండును ఒళ్లో మోసిన చీర! కుచ్చిళ్లనిండా, కొంగునిండా అదే వాసన, కట్టుకున్నదానికి తెలియలేదు గానీ. "జరుండు బిడ్డా, చీర మార్చుకొస్త, నాకు తెల్వక చేసిన, బస్సుల ఒక పెద్దమనిషి చెప్పింది, మీకు గిది ముట్టద్దంట గద, సబ్బు గూడ ముట్టద్దంట, నేనేమో ఊరంత నీకు మతి పోయిందని..." మాట పూర్తి కాలేదు, ఏడుపొచ్చేసింది, వైద్యం చేయడానికి వచ్చినది తానే ఏడుస్తూ నిలబడింది. అనీసు చెయ్యి చాచి కొంగు పట్టుకుంది.

"కూసో."

"వాసన అనీసూ..."

"నేను పెట్టుకున్ననా? నువ్వు మోసుకొచ్చినవ్. ఇద్దత్ నాకు, నీ చీరకు గాదు. కూసో అక్కా."

కూర్చుంది. అనీసు అడగలేదు, చెప్పలేదు, వచ్చి తల ఒళ్లో పెట్టేసింది. ఎంత తేలికైందో తల, ఖాజన్న ఏకిన దూది లాగా. యాకమ్మ చెయ్యి దానంతట అదే జుట్టులోకి పోయింది.

"దిండు కుట్టినవా?"

"కుట్టిన. వంకరచ్చింది."

"మీ అన్న సూస్తే నవ్వుతుండె," అంది అనీసు. ఆ మాటతో భుజాలు కదిలాయి, నవ్వనుకుంది యాకమ్మ, కుచ్చిళ్లు తడిసేదాకా అది ఏడుపని తెలియలేదు. రెండు నెలలుగా ఎక్కడ దాచుకుందో అంతా వచ్చింది. చాలాసేపటికి గొంతు వచ్చింది, చీర మడతల్లోంచి. "నేను పండుకున్న గద అక్కా. ఆయన పక్కన్నే మంచిగ పండుకున్న. నీళ్లడిగిండో, పిలిచిండో. ఒక్కసారి పిలిచినా లేస్తుంటి. గంత నిద్రేంది నాకు? కన్ను మూస్తే మళ్ల లేచేసరికి ఎవలుండరో."

అయితే ఇదా. గసగసాలు, పెన్నేరు గడ్డ, గులాబీ రేకులు, అన్నీ నిద్ర రాని మనిషికి తెచ్చింది తను. ఈ పిల్లకు నిద్ర రాక కాదు, వచ్చిన నిద్రను గడప బయట నిలబెట్టి తలుపేసుకుని కూర్చుంది. ఇన్ని తెచ్చిన తాను ఒక్కనాడు కూడా, ఎందుకు పడుకోవు బిడ్డా అని అడగలేదు. దగ్గరున్నవాళ్లమే అడగము, మనకు అంతా తెలుసనుకుంటాం. ఆ పిల్లను ఎత్తుకుని ఎటైనా పోవాలనిపించింది యాకమ్మకు. అప్పుడు, చెయ్యి జుట్టులో ఉండగానే, ఆ మాట వచ్చింది, ఎన్నేళ్లుగా రానిది, చావింట్లో మైదాకు చేతుల పిల్ల చెవి దగ్గర చెప్పిన మాట. అప్పటి గొంతుతో సహా వచ్చింది. దాన్నే మళ్లీ అన్నది.

"నువ్వు పండుకో. నేను మెలకువుంట. నువ్వు లేచేదాక ఈన్నించి కదల."

అనీసు తల తిప్పి పైకి చూసింది, ఆ మాట ఎవరిదో గుర్తుపట్టినట్టే ఉంది. "నిజంగ కదలవ్?"

"కదల."

"ఒట్టు?"

"ఒట్టు."

కళ్లు మూసింది. తెరిచింది, యాకమ్మ ఉందో లేదో చూసుకుంది, మూసింది. మళ్లీ తెరిచింది. ప్రతిసారీ యాకమ్మ "ఈన్నే ఉన్న" అంటూనే ఉంది, అంటూ అంటూ ఎప్పటికో చూస్తే అనడానికి ఆ కళ్లు తెరుచుకోవడం లేదు. ఊపిరి పొడుగ్గా సాగింది. నోరు కొంచెం తెరుచుకుంది, చిన్నపిల్లలాగా. యాకమ్మ తన ఊపిరి తాను బిగబట్టుకుని ఆ ఊపిరినే వింటూ కూర్చుంది, వెళ్లిందా, వచ్చిందా, వెళ్లిందా, వచ్చింది. గోడ మీద విల్లు నారికి ఒక దూది పోగు ఇంకా అంటుకుని ఉంది, గాలికి ఊగుతోంది. తొడ తిమ్మిరెక్కింది. నడుం పట్టేసింది. పొద్దున తిన్న జొన్నరొట్టె ఎప్పుడో అరిగిపోయి కడుపు అరుస్తోంది, ఆ అరుపుకు ఈ పిల్ల లేస్తుందేమోనని కడుపును తిట్టుకుంది.

పక్కింట్లో చప్పుడైంది. పోశయ్య మార్కెట్ నుంచి వచ్చాడు. "యాకమ్మా! ఊరికెల్లి అచ్చినవా? యాకమ్మా!" అని అరిచి, ఈ ఇంటి గడప దాకా వచ్చి నిలబడ్డాడు. యాకమ్మ పెదవుల మీద వేలు పెట్టింది. ఆయన ఒళ్లో తలను చూశాడు, మూసిన కళ్లను చూశాడు, అంత మొద్దు మనిషి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని దేవుడి గుళ్లోంచి వెనక్కి నడిచినట్టు వెనక్కి నడిచి పోయాడు. అన్నం ఎక్కడుందని కూడా అడగలేదు. కాసేపటికి అరుగు మీది మంచం కిర్రుమంది, ఆ వెంటనే గురక మొదలైంది, గోడ అదిరేలా. దిండు దొరికినట్టుంది. పెద్దమ్మ మందు మంచిదే, పని చేసింది, అవసరం లేనివాడికి చేసింది, అంతే తేడా. నవ్వు పొంగుకొచ్చి పెదవి కొరుక్కుని ఆపుకుంది యాకమ్మ, నవ్వితే ఒళ్లు కదులుతుంది, ఒళ్లు కదిలితే ఒట్టు తప్పుతుంది.

గడపలో ఎండ పలచబడి గోడెక్కింది. ఇద్దత్ ఇంకా సగం ఉంది. అబ్బాస్ వస్తే రానీ, వచ్చి ఇక్కడే కూర్చుని ఈ ఊపిరి వినమంటుంది, విని అప్పుడు చెప్పమంటుంది ఏ దవాఖానో, ఏ కరెంటో. రేపు కూడా ఈ వేళకు వచ్చి ఇట్లాగే కూర్చోవాలి, ఎల్లుండి కూడా. తడిసిన కుచ్చిళ్లు ఆరుతున్నాయి, వాసన ఇంకా అట్లాగే ఉంది. అనీసు చెంప కింద నలిగిన కొంగు అంచును మెల్లగా సవరించి, ఈ చీర ఇప్పట్లో ఉతకకూడదు అనుకుంది.